గరోండ్ ఎడమ చెయ్యి

గురువారం పొద్దున పదకొండింటికి, రామలక్ష్మి తెచ్చిన సంచిని మీనాకుమారి బల్ల మీద గుమ్మరించి అందులోని బొమ్మల్ని ఒక్కొక్కటే నిలబెట్టింది. ఇరవై నాలుగు. ఇరవై నాలుగింటికీ రెండేసి చేతులున్నాయి.

ఒక బొమ్మని ఎత్తి, ఎడమ చెయ్యి పట్టుకుని లాగి చూసింది. అది రాదని ఆమెకీ తెలుసు. రామలక్ష్మి అల్లింది ఊడి రావడం ఆ వీధిలో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. పోనీ భుజం దగ్గర అతుకుంటే కత్తెర పెట్టొచ్చు గదా అని కళ్ళజోడు పైకి తోసి మరీ వెతికింది. అతుకూ లేదు. ఒంట్లోంచి వచ్చిన దారమే భుజం మీదుగా తిరిగి తిరిగి చెయ్యి అయిపోయింది.

"ఏంటి పిన్నీ ఇది?"

"బొమ్మలే," అంది రామలక్ష్మి. చేతిలో లేసు సూది ఆపలేదు.

"ఎన్ని చేతులున్నాయి వీటికి?"

"ఎన్నుండాలో అన్నే ఉన్నాయి. నీకు లెక్క రాదా?"

అరుగు మీద కూర్చుని అల్లుతున్న ఎనిమిది మందీ తలలు ఒంచుకున్నారు. ఒక్కళ్ళ సూదీ కదలడం లేదు.

ఆ బొమ్మ పేరు గరోండ్. నలభై ఏళ్ళ కిందటి జపాను కార్టూన్ సీరియల్లో ఇనప మనిషి. తాటిచెట్టంత ఉంటాడట. ఇప్పుడు ఆ సీరియల్ మళ్ళీ వేస్తున్నారనీ, దాని మీద పిచ్చి ఉన్నవాళ్ళు బొమ్మలు కొనుక్కుంటారనీ చెన్నైలో ఒక కంపెనీ నూట యాభై అడిగింది. నరసాపురం లేసంటే బల్ల మీద గుడ్డలూ, కిటికీ తెరలూ, చంటిపిల్లల టోపీలూ. ఇనప రాక్షసుణ్ణి అల్లమని ఈ చుట్టుపక్కల ఎవరినీ ఎవరూ అడగలేదు. కంపెనీ పంపిన కాగితంలో ఫోటో పోస్టు బిళ్ళంత ఉంది, అందులోనూ సగం పొగ. కానీ రాత మాత్రం స్పష్టంగా ఉంది. ఎడమ చెయ్యి భుజం నుంచీ ఉండకూడదు, తెగినట్టు కనపడాలి. సోమవారం కంపెనీ మనిషి వచ్చి, చూసి, పెట్టెల్లో పెట్టించుకుని వెళ్తుంది.

పైగా ఇది గున్నేశ్వరరావు చేతి మీదుగా కాకుండా మీనాకుమారి తన పేరు మీద తెచ్చుకున్న మొదటి ఆర్డరు. ఆ వీధి ఆడవాళ్ళు ఇన్నేళ్ళూ అల్లిన ప్రతి గజం లేసూ టౌన్లో ఆయన కొట్టు మెట్లెక్కి, ఆయన పేరుతోనే ఓడెక్కింది. ఇది సరిగ్గా చేసిస్తే కంపెనీ ఇక నేరుగా వీళ్ళకే పని ఇస్తానంది. పాడైతే మళ్ళీ ఆ మెట్లే గతి. ఈ సంగతి రామలక్ష్మికి నాలుగుసార్లు చెప్పింది మీనాకుమారి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

"ఎడం చెయ్యి ఉండకూడదని కాగితం చదివి వినిపించాను కదా పిన్నీ."

"విన్నాను. వాళ్ళు తెలీక రాశారు. చెయ్యో కాలో పోయిన బొమ్మ ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారటే? దేవుడి పటానికి అద్దం పగిలితేనే తీసుకెళ్ళి ఏట్లో కలిపేస్తాం. భిన్నమైంది ఇంట్లో ఉంటే అరిష్టం కాదూ?"

"ఇది దేవుడు కాదు. రోబో."

"ఏదైతేనేం, మొహం ఉందిగా. కళ్ళు పెడుతున్నాంగా. కళ్ళు పెట్టాక అవిటిదాన్ని చేసి పంపిస్తే ఆ పాపం అల్లినదానికి చుట్టుకుంటుంది, కాగితం చదివినదానికి కాదు."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటారు మొండివాళ్ళు. ఈవిడ పట్టిన కుందేలుకి ఊరంతా కలిసి ఒక కాలు విరగ్గొట్టినా నాలుగే.

"ఇంకోటి కూడా చెప్తున్నాను," అంది రామలక్ష్మి. "నీ తిరగేసే పని కూడా నేను చెయ్యలేదు. నాకు నచ్చలేదు."

ఆ తిరగేసే పని మీనాకుమారి సొంత ఉపాయం. నమూనా బొమ్మ చేసి చెన్నై పంపించేసిన తర్వాత తట్టింది. ముళ్ళూ దారపు కొసలూ అన్నీ పైకే ఉండేట్టు ఒళ్ళు అల్లేసి, దూది కూరే ముందు మొత్తాన్ని మెడలోంచి బయటికి లాగి తిరగేస్తే చాలు, అవన్నీ లోపలికి పోతాయి. ఒక్కో కొసనీ సూదితో దాచుకుంటూ కూర్చునే బాధ ఉండదు. బొమ్మకి గంట కలిసొచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు మీనాకుమారికి వారం రోజులు సరిపోయింది.

సరిగ్గా అప్పుడే గున్నేశ్వరరావు స్కూటరు గుమ్మం ముందు ఆగింది. మనిషి ఇస్త్రీ చొక్కాలో, నుదుటి మీద కుంకుమ బొట్టుతో నవ్వుకుంటూ వచ్చాడు.

"ఇటు వెళ్తూ పలకరించి పోదామనండి, మీనాకుమారి గారూ. ఎంతవరకొచ్చిందండి మీ జపాను పని?"

"అయిపోవచ్చిందండి."

ఆయన బల్ల మీది బొమ్మ ఒకటీ, అరుగు మీది బొమ్మ ఒకటీ తీసి రెండు చేతుల్లో పట్టుకుని చూశాడు.

"ఒకదానికేమో ఒక చెయ్యి, ఒకదానికేమో రెండు. రెండు రకాలడిగారాండి?"

మీనాకుమారి బల్లకి అడ్డంగా వచ్చి నిలబడింది.

"కంపెనీ వాళ్ళతో కాస్త జాగ్రత్తండి. నేనైతే మనవాణ్ణి, చెప్పుకుంటే వినేవాణ్ణి. వాళ్ళు వినరు కదండి. ఉంటానండి మరి." బొమ్మల్ని మెల్లిగా కింద పెట్టాడు, అవి విరిగిపోతాయన్నట్టు.

స్కూటరు సందు తిరిగేదాకా మీనాకుమారి నిలబడే ఉంది. ఆ తర్వాత అల్లేవాళ్ళ సంఘం పుస్తకం తీసి, పేర్ల వరసలో మూడో పేరు మీద పెన్ను అడ్డంగా లాగింది.

"రేపట్నుంచి నువ్వు రావద్దు పిన్నీ. నీకో దణ్ణం."

రామలక్ష్మి అల్లుతున్న వరస పూర్తిచేసింది. దారం తెంపి, సూది కొప్పులో గుచ్చుకుని, మోకాళ్ళ మీద చేతులూని లేచింది. వెళ్తూ వెళ్తూ తన బొమ్మల వైపు చూసింది కానీ ఏమీ అనలేదు. ఏదో ఒకటి అనుంటే మీనాకుమారికి కాస్త సుఖంగా ఉండేది.

మధ్యాహ్నం చెన్నై నుంచి శ్రీసుధ ఫోను చేసింది. కంపెనీ తరఫున వచ్చేది ఆమే. పని ఎలా ఉందని అడిగింది. "అంతా బాగుందండి. ఒక పెద్దావిడ ఇరవై నాలుగు పాడుచేశారు. ఆవిణ్ణి తీసేశాను," అంది మీనాకుమారి. చెప్పేశాక వెళ్ళి మంచినీళ్ళు తాగింది.

ఆ ఇరవై నాలుగింటికీ ఎడమ చేతులు విప్పే పని సూర్యకళకీ ఉషారాణికీ అప్పగించింది. సూర్యకళ మీనాకుమారి ఈడుదే, పక్కింటావిడ. ఉషారాణి ఆ వీధికి కొత్తకోడలు, డిగ్రీ చదివింది. ఇద్దరూ శుక్రవారం పొద్దున్నించి భోజనాల వేళ దాకా కూర్చుని ఒక్క చెయ్యి కూడా విప్పలేకపోయారు. అల్లిక విప్పాలంటే కొస దొరకాలి. కొస దొరకలేదు. చేతి చివర చూశారు, చంక కింద చూశారు, సూది మొనతో పొడిచి చూశారు.

"మామ్మగారు కొస మింగేసి ఉంటారక్కా," అంది ఉషారాణి.

"కత్తిరించి పారెయ్యండి," అంది మీనాకుమారి.

"నువ్వే కత్తిరించు," అంది సూర్యకళ కత్తెర చాపుతూ.

మీనాకుమారి కత్తెర తీసుకుంది. బొమ్మ భుజం మీద ఆనించింది. ఒంట్లోంచి వచ్చిన దారం అది. అక్కడ తెగితే వరస వెనక వరస జారిపోయి ఒళ్ళంతా ఊడుతుంది. కత్తెర కింద పెట్టేసి, వంటింట్లోకి వెళ్ళి ఊరికే గిన్నెలు చప్పుడు చేసి వచ్చింది.

"అసలు ఆ చెయ్యి ఎక్కడి దాకా తెగిందో సీరియల్లో చూద్దామా అక్కా?" అంది ఉషారాణి. "ఫోన్లో ఉంది. టీవీకి కలుపుతాను. పంతొమ్మిదో భాగంలో పోతుందట చెయ్యి."

"ఇప్పుడు కార్టూన్లు చూసే తీరికుందా మనకి?"

తీరిక లేదు. అయినా అన్నాలు తిన్నాక తొమ్మిది మందీ మీనాకుమారి ముందుగదిలో టీవీ ముందు చేరారు, ఒళ్ళో అల్లికలతోనే. మాటలు జపానువి, కింద ఇంగ్లీషు అక్షరాలు. ఉషారాణి చదివి తెలుగులో చెప్పింది, మధ్యలో తన సొంత మాటలు కూడా కలిపి.

చేత్తో గీసిన పాత బొమ్మలు. రంగులు వెలిసిపోయాయి. మనుషులు మాట్లాడితే నోరొక్కటే కదులుతుంది. ఆ సీరియల్లో లోకం ఎప్పుడో కాలిపోయింది. విషపు యుద్ధం ఏదో జరిగి, సముద్రం పైకొచ్చి, నేలంతా ఉప్పు పట్టిపోయింది. మిగిలిన నాలుగు ఊళ్ళూ ఒక పెద్ద కట్ట వెనక బతుకుతున్నాయి. కట్ట కింద రాతి గుడిలో గరోండ్ వెయ్యేళ్ళుగా నిద్రపోతున్నాడు. ఒక పిల్ల పాట పాడితే లేస్తాడు. కత్తులు పట్టుకున్న రాజులున్నారు, గడ్డాల మంత్రగాళ్ళున్నారు, వాళ్ళ వెనకాలే పొగ వదిలే యంత్రాలూ ఉన్నాయి.

"ఇదేంటే, అటు జానపదమూ కాదు, ఇటు సైన్సూ కాదు," అంది సూర్యకళ.

"రెండూనంట అక్కా."

"నేలంతా ఉప్పు పడితే మరి ఏం తింటున్నారు వాళ్ళు?"

"రొయ్యల చెరువులు తవ్వుకునుంటారు," అంది ఇంకొకావిడ. అందరూ నవ్వారు. మీనాకుమారి నవ్వలేదు. సోమవారానికి ఇంకెన్ని గంటలున్నాయో మనసులో లెక్కేసుకుంటోంది.

పంతొమ్మిదో భాగం సగంలో కట్టకి గండి పడింది.

అంతసేపూ సాగిన కబుర్లు ఆగిపోయాయి. ఆ గదిలో ఉన్నవాళ్ళలో గండి పడటం చూడనిది ఒక్కతీ లేదు. తెర మీద ఊరి జనం బస్తాలు మోస్తున్నారు, వేసిన బస్తా వేసినట్టే కొట్టుకుపోతోంది. పిల్ల కట్ట మీద పరుగెత్తుతూ పాడుతోంది. గరోండ్ వచ్చి మోకాళ్ళ మీద కూలబడి, ఒక చెయ్యి గండిలోకి భుజం దాకా దూర్చాడు. నీళ్ళు ఆగాయి. జనం ఊపిరి పీల్చుకున్నారు. అంతలో ఊరికి రెండో వైపు నుంచి శత్రురాజు యంత్రాలు వచ్చిపడ్డాయి. చెయ్యి తీస్తే ఊరు మునుగుతుంది, తియ్యకపోతే కాలుతుంది. గరోండ్ కాసేపు కదల్లేదు. తర్వాత రెండో చేత్తో తన భుజం పట్టుకుని, మెల్లిగా మెలితిప్పి, ఆ చేతిని అక్కడే గండిలో వదిలేసి లేచి నిలబడ్డాడు.

ఉషారాణి కింది అక్షరాలు చదవడం మానేసింది. ఎవరూ చదవమని అడగలేదు.

ఇరవై రోజుల నుంచి ఆ చెయ్యి లేని బొమ్మని అల్లిస్తున్న మీనాకుమారికి, ఆ చెయ్యి ఎందుకు లేదన్న ప్రశ్న ఒక్కసారైనా రాలేదు. ఆమెకి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

సూర్యకళ మాత్రం గరోండ్ చేసినట్టే తన చెయ్యి ముందుకు చాపి, భుజం పట్టుకుని చూసుకుంటోంది.

"మీనా, వాడు గండిలో పెట్టింది ఎడం చెయ్యి కదా?"

"అవును. కాగితంలో కూడా అదే ఉంది."

"మరి మన బొమ్మకి ఎడం చెయ్యి ఉందేంటి?"

"ఎదురుగా పెట్టుకుంటే అలాగే కనపడుతుంది. దాని ఎడమ నీకు కుడి."

"ఆమాత్రం నాకూ తెలుసు. ఇటు చూడు."

సూర్యకళ తన ఒళ్ళో బొమ్మని టీవీ వైపు మొహం పెట్టి, వీపు తమవైపు తిప్పి నేల మీద నిలబెట్టింది. తెర మీద గరోండ్ కూడా వీపు చూపిస్తూ ఉప్పునేల మీద నడిచిపోతున్నాడు. వాడికి ఎడమ భుజం ఖాళీ. బొమ్మకి కుడి భుజం ఖాళీ. మీనాకుమారి బొమ్మని తీసి మళ్ళీ నిలబెట్టింది. ఇంకో బొమ్మ తెచ్చి పెట్టింది. ఇంకోటి. రామలక్ష్మివి కాక మిగతా నూట ఇరవై ఆరూ ఒకటే తీరు.

"నేను పంపిన నమూనా సరిగ్గానే ఉంది. వాళ్ళు ఒప్పుకున్నారు కూడా," అంది. ఆ మాట అంటుండగానే కిటికీలోంచి పెరట్లో తీగ మీద ఆరేసిన తన జాకెట్టు కనపడింది. ఎండకి రంగు పోకుండా తిరగేసి ఆరేసింది. జాకెట్టు తిరగేస్తే కుడి చెయ్యి ఎడమ చెయ్యవుతుంది, ఎడమది కుడిదవుతుంది. పావడాలు కట్టుకునే పిల్లక్కూడా తెలిసిన సంగతి.

నమూనా తిరగేయకుండా చేసింది. తిరగేసే తెలివి ఆ తర్వాత వచ్చింది.

"మొహం విప్పి వెనక వైపు కుట్టేస్తేనో అక్కా?" అంది ఉషారాణి చిన్నగా.

"ఛాతీ పలక ముందుకుంది. పాదాలు ముందుకున్నాయి. మొహం ఒక్కటి వెనక్కి పెడితే దెయ్యంలా ఉండదూ?"

తిరగేయనివి ఆ ఇంట్లో ఇరవై నాలుగే. అవి బల్ల మీద రెండేసి చేతులతో నిలబడి ఉన్నాయి.

సాయంత్రం వెళ్ళేసరికి రామలక్ష్మి గుమ్మంలో కూర్చుని చింతచిగురు ఏరుతోంది. మీనాకుమారిని చూసి చేట కొంచెం జరిపింది, కూర్చోమన్నట్టు. మీనాకుమారి కూర్చుని, తానూ ఒక గుప్పెడు తీసుకుని ఈనెలు ఏరడం మొదలుపెట్టింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక సీరియల్ కథ చెప్పింది. ఉప్పునేల, కట్ట, పిల్ల పాట, గండి, చెయ్యి అన్నీ చెప్పింది.

రామలక్ష్మి అంతా విన్నది.

"చెయ్యి అడ్డం పెడితే గండి ఆగుతుందటే? తాటిమొద్దులు దింపాలి, కొబ్బరిమట్టలు వెయ్యాలి, ఆ పైన ఇసుక బస్తాలు. జపాను వాళ్ళకి ఆమాత్రం తెలీదా?"

"వాడి చెయ్యి తాటిమొద్దంత ఉంటుంది పిన్నీ."

"అయితే ఆగుతుందిలే." చిగురు దోసిలితో ఎత్తి వదిలింది. "అంటే విరిగింది కాదన్నమాట. ఇచ్చేసింది."

"అవును."

"ఈ ముక్క మొదట్లోనే చెప్పచ్చుగా?"

"నాకు తెలిస్తేగా చెప్పడానికి. నేనెప్పుడు చూశాను? ఇవాళే చూశాను." మీనాకుమారి గొంతు పెరిగింది. "అది సరే, అసలు సంగతి అది కాదు. నేను మునిగిపోయాను పిన్నీ. నూట ఇరవై ఆరూ పోయాయి. తిరగేసి అల్లించాను కదా, చేతులు అటూ ఇటూ అయిపోయాయి. నువ్వు నచ్చలేదన్నావు చూడు, అదే ముంచింది. ఇప్పుడు ఎడం చెయ్యి విప్పి కుడి చెయ్యి అల్లాలి. మూసేసిన భుజం మీద చెయ్యి మొదలెట్టడం మాలో ఎవరికీ రాదు. అతుకు పెట్టి కుడితే కనపడుతుంది."

ఇంత చెప్పాక ఆగింది. అసలు అనాల్సిన మాట ఇంకా అనలేదని ఆమెకి తెలుసు. అందరి ముందూ పేరు కొట్టేసి, ఇప్పుడు ఎవరూ లేనప్పుడు గుమ్మంలో కూర్చుని అనడం సిగ్గుగా అనిపించింది. అయినా అంది.

"తప్పు నాది. రా పిన్నీ."

రామలక్ష్మి చేట ఎత్తి లోపల పెట్టి వచ్చింది.

"వస్తాను. కానీ నేను అల్లిన చేతులు నేను విప్పను. అవి నువ్వే విప్పు. నీ చేత్తోనే."

శనివారం పొద్దున్న ఆరింటికే అరుగు నిండింది. రామలక్ష్మి మధ్యలో కూర్చుంది. మూసేసిన భుజాన్ని బొటనవేలితో నొక్కి, చివరి వరసలో దారపు కళ్ళు విచ్చుకునేలా చేసి, ఒక్కో కంట్లోంచి సూది పోనిచ్చి దారం లాగింది. ఎనిమిది కళ్ళు పట్టింది. ఆ ఎనిమిదింటినీ చుట్టుకొచ్చేసరికి అక్కడ చెయ్యి మొదలైంది. అది మొదటినుంచీ అక్కడే ఉందన్నట్టుంది.

"మళ్ళీ చూపించండి మామ్మగారూ."

"కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావే? ఇంకోసారి చూపిస్తాను, మూడోసారి చూపించను." నాలుగోసారి కూడా చూపించింది. తిడుతూనే చూపించింది. ఉషారాణి అల్లినది చూసి "ఇది చెయ్యా, పొట్లకాయా?" అంది. సూర్యకళ అల్లిన రెండు చేతులు విప్పించింది. మధ్యాహ్నానికి నలుగురికి చేతనైంది. ఒక బొమ్మ ఎడమ చెయ్యి విప్పిన దారంతోనే దానికి కుడి చెయ్యి అల్లారు, రంగులో తేడా రాకుండా.

మీనాకుమారి మూల కూర్చుని రామలక్ష్మి బొమ్మల చేతులు విప్పింది. కొస ఎక్కడుందో రామలక్ష్మే చూపించింది, వేళ్ళ చివరి నుంచి చేతి లోపలగా తెచ్చి చంక కింద మూడో వరస వెనక దాచింది. తెలిస్తే ఇంతే. సూది మొనతో పైకి తీసి లాగితే చెయ్యి వేళ్ళ దగ్గర్నించి కరుగుతూ వస్తుంది. దారం వంకర్లు తిరిగి ఉంటుంది, అరచేతికి చుట్టుకోవాలి. ప్రతి వరసా ఒకే బిగువు. ఎక్కడా ఒక్క కన్ను వదులు లేదు. అంత మంచి పనిని తన చేతులతో లేకుండా చేస్తుంటే పదో బొమ్మకి వచ్చేసరికి ఆమెకి ఏడుపొచ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. రామలక్ష్మి చూసింది, చూడనట్టు ఊరుకుంది.

శనివారం అలా గడిచింది, ఆదివారం అలా గడిచింది. టీవీలో గరోండ్ ఒంటి చేత్తో ఇరవై ఆరో భాగం దాకా పోరాడాడు. కరెంటు రెండుసార్లు పోయింది. ఒకావిడ కూతురి పెళ్ళిచూపులు వాయిదా వేయించింది. ఆదివారం సాయంత్రం దీపాల వేళకి నూట యాభై బొమ్మలూ ఎడమ భుజం ఖాళీగా, తెగిన చోట రామలక్ష్మి చెప్పినట్టు నాలుగు పోగులు మాత్రం వేలాడుతూ, బల్ల మీద నిలబడ్డాయి.

సోమవారం శ్రీసుధ రైలు దిగి ఆటోలో వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. ఆమె వెనకాలే, ఎవరు చెప్పారో గానీ, గున్నేశ్వరరావు స్కూటరు కూడా వచ్చింది. "ఊరికే వచ్చానండి, మీ పని మీరు చూసుకోండి," అని బెంచీ మీద కూర్చున్నాడు.

శ్రీసుధ ఒక్కో బొమ్మనీ తిప్పి చూసింది. భుజాలు లాగింది, పాదాలు నొక్కింది, తెగిన చోట పోగులు లెక్కపెట్టింది. గంటన్నర పట్టింది. చూసినంతసేపూ మీనాకుమారి నిలబడే ఉంది.

"బాగున్నాయండి. చాలా బాగున్నాయి," అంది చివరికి. ల్యాప్‌టాప్ తెరిచి, ఏదో గుర్తొచ్చి ఆగింది. "ఎవరో పెద్దావిడ ఇరవై నాలుగు పాడుచేశారని ఫోన్లో చెప్పారు కదా. అవి ఇందులో కలపలేదు కదండి?"

రామలక్ష్మి మూల కూర్చుని మిగిలిన దారం ఉండ చుడుతోంది. చెయ్యి ఆగింది.

లేదండి, అంటే సరిపోతుంది. ఎవరికీ నష్టం లేదు. బొమ్మలు బాగున్నాయని ఆమే అంది. గున్నేశ్వరరావు ఎదురుగా కూర్చుని వింటున్నాడు. లేదండి అనడానికి మీనాకుమారి నోరు తెరిచింది.

"కలిపానండి," అంది. "అవి పాడైనవి కాదు. పాడైనవి మిగతా నూట ఇరవై ఆరు. తిరగేసి అల్లమని నేనే చెప్పాను, ఎడమ కుడి అయిపోయింది. ఈవిడొక్కరే తిరగేయలేదు. అన్నిటికీ చేతులు మార్చి ఎలా అల్లాలో చూపించింది కూడా ఈవిడే. మీకు ఫోన్లో నేను చెప్పింది తప్పండి."

"నావీ సరిగ్గా లేవులెండి," అంది రామలక్ష్మి మూల నుంచి. "రెండు చేతులు పెట్టాను. కావాలనే పెట్టాను."

శ్రీసుధ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. గున్నేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు.

"నేను చెప్పేది కూడా అదేనండి, మేడమ్ గారూ. మా ఆడవాళ్ళ చేతిలో పనుందండి, కాదనను. కానీ పైన చూసేవాళ్ళు ఒకరుండాలండి."

"అవునండి. ఉండాలి," అంది శ్రీసుధ.

నిజం చెప్పి బాగుపడ్డవాళ్ళెవరని మీనాకుమారి తనని తానే తిట్టుకుంది.

"చూసేవాళ్ళ పేరు లేకుండా ఇంకో ఆర్డరు నేను రాయలేను మీనాకుమారి గారూ. నూట ఇరవై ఆరు తప్పు పోయేదాకా ఎవరూ చూసుకోలేదంటే మా వాళ్ళు ఒప్పుకోరు. ఏ బొమ్మనైనా, ఎవరు అల్లిందైనా, మీరు అల్లిందైనా సరే, బాగోలేదని వెనక్కి పంపే మనిషి ఒకరు కావాలి. ఎవరి పేరు రాయమంటారు?"

గున్నేశ్వరరావు బెంచీ మీద కాస్త ముందుకు జరిగాడు.

"రామలక్ష్మి గారిది రాయండి," అంది మీనాకుమారి.

"నేనేం చెయ్యాలి?" అంది రామలక్ష్మి అనుమానంగా.

"బాగోలేని పనిని బాగోలేదని చెప్పాలండి," అంది శ్రీసుధ.

"ఆ విద్య మామ్మగారికి పుట్టుకతోనే వచ్చండి," అంది ఉషారాణి. సూర్యకళ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రామలక్ష్మి ఇద్దర్నీ కలిపి ఒక్క చూపు చూసింది.

"నాకు నచ్చకపోతే విప్పించేస్తాను. తర్వాత నన్నేమీ అనకూడదు. పేర్లు కొట్టెయ్యడాలు అవీ ఉండకూడదు."

"ఉండవు," అంది మీనాకుమారి.

గున్నేశ్వరరావు లేచి, చొక్కా సర్దుకుని, వెళ్ళొస్తానండి అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియలేదు. కాఫీ తాగి వెళ్ళండని సూర్యకళ అంటున్నా వినిపించుకోలేదు.

శ్రీసుధ సంచిలోంచి కాగితం తీసి ఇంగ్లీషులో పేరు రాసి, సంతకం పెట్టమని చాపింది. రామలక్ష్మి కాగితం దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"ఇందులో నేనెక్కడున్నాను?"

"ఇదిగోండి, ఇక్కడ."

"ఇది నాకు తెలీదు. తెలుగులో రాయండి. ఇంటిపేరుతో రాయండి. నలభై ఐదేళ్ళు అల్లాను, ఏ కంపెనీ కాగితం మీదా నా పేరెక్కలేదు. ఎక్కింది ఎక్కినట్టు నేను చదువుకోవద్దా?"

"నాకు తెలుగు మాట్లాడటమే గానీ రాయడం రాదండి," అంది శ్రీసుధ నొచ్చుకుంటూ, పెన్ను మీనాకుమారికి ఇచ్చింది.

మీనాకుమారి బల్ల మీద బొమ్మల్ని పక్కకి జరిపి, చోటు చేసుకుని, కాగితం పరిచి రాసింది. కొల్లాటి రామలక్ష్మి. కాగితం తిప్పి ఆవిడ ముందు పెట్టింది. రామలక్ష్మి ఒక్కో అక్షరం కిందా వేలు పెట్టుకుంటూ, పెదాలు కదుపుతూ, చివరిదాకా చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది.

"ఇంత చిన్నగా రాశావేంటే? ఎవరికి కనపడుతుంది?"

రెండు రోజులుగా నిద్ర లేదు, నడుము విరిగిపోతోంది, పెట్టెలు ఇంకా కట్టనే లేదు. మీనాకుమారి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత పెన్ను తీసుకుని, దాని కిందే మళ్ళీ రాసింది, ఈసారి పెద్ద అక్షరాలతో.